మూడు లక్షల కిలోమీటర్లు దాటిన పికప్ ఆయిల్ తాగుతుంటే: ఇంజన్ విప్పే ముందు, విప్పాక

బండి ఆయిల్ తాగుతోందని షెడ్డులో చెప్పగానే వచ్చే మొదటి మాట "బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) అయిపోయింది, ఇంజన్ దించాలి". రెండో మాట "టర్బో (ఇంజన్లోకి గాలిని బలంగా తోసే చక్రం) పోయింది". రెండూ నిజం కావచ్చు. కానీ చాలాసార్లు బానెట్ ఎత్తకుండానే ఆ మాట అనేస్తారు. ఇంజన్‌లోంచి ఆయిల్ పోయే దారులు ఐదారు ఉంటాయి. ఏ దారిన ఎంత పోతోందో తేలకుండా పానా పట్టుకుంటే డబ్బు పోతుంది తప్ప ఆయిల్ తాగడం ఆగదు.

ఇక్కడ చెబుతున్నది రెండున్నర లీటర్ల, నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్ పికప్ సంగతి. బీఎస్-4 బండి, 3,40,000 కి.మీ. తిరిగింది. కూరగాయలు, సిమెంటు, ఇటుక, ఏ కిరాయి తగిలితే అది వేశారు. వెయ్యి కిలోమీటర్లకు లీటరుంబావు ఆయిల్ పోయాల్సి వస్తున్నప్పుడు మొదలుపెట్టి, ఒక్కో దారీ చూసుకుంటూ వెళ్లిన వరస ఇది.

ముందు కొలత. "వారానికో డబ్బా పడుతోంది" అనే లెక్క దేనికీ పనికిరాదు. బండిని చదునైన చోట ఆపి, ఇంజన్ కట్టేసి పది నిమిషాలు ఆగాలి. అప్పటికి పైనున్న ఆయిల్ చాంబర్లోకి, అంటే ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలోకి దిగుతుంది. గేజ్ పుల్ల తీసి తుడిచి, మళ్లీ పెట్టి చూడాలి. పై గీత వరకు నింపి మీటర్ రీడింగు రాసుకోవాలి. తర్వాత పోసే ప్రతి చుక్కా కొలత జగ్గుతోనే పోయాలి, చూడటం కూడా అదే చోట, అదే పద్ధతిలో చూడాలి. కింది గీతకూ పై గీతకూ మధ్య లీటరు పడుతుందని అందరూ అంటారు గానీ అది బండిని బట్టి మారుతుంది. ఒకసారి కింది గీత నుంచి కొలిచి పోస్తే మీ బండి లెక్క మీకే తెలుస్తుంది. ఎలాగూ తాగుతోంది కదా అని పై గీత దాటించి పోయడం చెడ్డ అలవాటు. క్రాంకు ఆ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, ఆ తుంపర బ్రీథర్ (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే పైపు) గుండా పోతుంది. తాగుడు ఇంకా పెరిగినట్టు కనిపిస్తుంది.

ఇంకో మోసం కూడా ఉంది. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ కారుతున్నా, డీజిల్ పంపు సీలు పోయినా ఆయిల్లో డీజిల్ కలుస్తుంది. అప్పుడు పోయే ఆయిల్‌కు సరిపడా డీజిల్ వచ్చి చేరడంతో లెవెల్ తగ్గదు, "మా బండి చుక్క ఆయిల్ తాగదు" అనుకుంటారు. పుల్ల వాసన చూడండి, ఆయిల్‌ను వేళ్ల మధ్య రాసి చూడండి. నీళ్లలా జారుతూ డీజిల్ వాసన కొడితే ముందు చేయించాల్సింది నాజిళ్ల పని.

ఎంత తాగితే ఎక్కువ? కొన్ని కంపెనీల పుస్తకాల్లో వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు వరకు ఫర్వాలేదని రాసి ఉంటుంది. మూడు లక్షలు దాటిన సరుకు బండి ఆ లెక్కలో ఉంటే నేనైతే ముట్టుకోను. సీటు వెనక ఆయిల్ డబ్బా పెట్టుకుని నడుపుకోవడమే మేలు.

కారుడు సంగతి

కింద మచ్చ పడటం లేదంటే కారడం లేదని కాదు. ఆగి ఉన్నప్పుడు ఆయిల్‌కు ప్రెషర్ ఉండదు, నడిచేటప్పుడు కారిందంతా రోడ్డు మీదే పోతుంది. ఇరవై చుక్కలు కలిస్తే దాదాపు ఒక మిల్లీలీటరు. పది సెకన్లకు ఒక్క చుక్క కారినా గంటకు 18 మి.లీ. అవుతుంది. గంటకు సగటున నలభై కిలోమీటర్లు నడిచే బండికి వెయ్యి కిలోమీటర్లంటే ఇరవై ఐదు గంటలు. అంటే 450 మి.లీ. ఆ ఒక్క చుక్కతోనే పోయినట్టు.

ఇంజన్‌ను డీజిల్, సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరనిచ్చి, అనుమానం ఉన్న అతుకుల మీద ముఖానికి రాసుకునే పౌడరే చల్లి, ఓ ఇరవై కిలోమీటర్లు తిప్పుకొస్తే చాలు. పౌడర్లో తడి గీత ఎక్కడ మొదలైందో అక్కడే కారుతోంది. ఎప్పుడూ పైనుంచి కిందికి చూడాలి. గేరుబాక్సుకూ ఇంజన్‌కూ మధ్య అడుగున తడి కనిపిస్తే వెనక ఆయిల్ సీలు పోయిందని గేరుబాక్సు దించేస్తారు. కానీ ఇంజన్ పైన ఉండే టాపెట్ కవర్ ప్యాకింగ్ వెనకవైపు కారినా ఆ ఆయిల్ బ్లాకు వెంట జారి సరిగ్గా అక్కడికే చేరుతుంది. ఈ బండికి రెండూ ఉన్నాయి. అడుగున ఉన్నది ఇంజన్ ఆయిలా, గేరాయిలా అన్నది ముక్కే చెబుతుంది. గేరాయిల్‌కు గంధకపు ఘాటు ఉంటుంది.

డైనమో వెనక వాక్యూమ్ పంపు మీద ఎవరి చూపూ పడదు. బ్రేకు బూస్టర్‌కు వాక్యూమ్ ఇచ్చేది అదే. సన్న పైపులో ఇంజన్ ఆయిల్ దాంట్లోకి వస్తుంది, లావు పైపులో గాలితో కలిసి చాంబర్లోకి తిరిగి పోతుంది. పంపు షాఫ్టు సీలు పోతే ఆ ఆయిల్ డైనమోలోకి చేరుతుంది. డైనమో ఫ్యాను దాన్ని తుంపరగా చిమ్మేస్తుంది కాబట్టి కిందికి చుక్క రాలదు, చుట్టుపక్కల దుమ్ము పట్టిన జిడ్డు మాత్రం మిగులుతుంది. డైనమో లోపలి కార్బన్ బ్రష్షులు కూడా ఆయిల్ తాగి ఛార్జింగ్ తగ్గుతుంది. ఛార్జింగ్ కంప్లైంటుతో పాటు ఆయిల్ తగ్గుతుంటే మొదట చూడాల్సింది ఇక్కడే.

టాపెట్ కవర్ ప్యాకింగ్, పంపు సీలు మార్చి మళ్లీ వెయ్యి కిలోమీటర్లు కొలిస్తే లీటరుంబావు కాస్తా లీటరుకు పైచిలుకు అయింది. రెండు వందల మి.లీ. ఆ దారినే పోతోందన్నమాట. వెనక సీలు మాత్రం అప్పుడే ముట్టుకోలేదు. చాంబర్లో ప్రెషర్ ఎక్కువగా ఉంటే కొత్త సీలు కూడా నాలుగు రోజుల్లో తడి పెడుతుంది.

బ్యాక్ కంప్రెషన్, బ్రీథర్

ఆయిల్ మూత తీసి దాని రంధ్రం మీద బోర్లా పెడితే, ఐడిల్‌లో మూత ఎగిరెగిరి పడుతోంది. పొగ బుస్ బుస్‌మని వస్తోంది. దీన్ని చూసే చాలామంది పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పోయాయని తేల్చేస్తారు. తేల్చే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. బూస్టర్ డయాఫ్రమ్ గానీ దాని పైపు గానీ గాలి లాగుతుంటే, వాక్యూమ్ పంపు ఆ గాలినంతా చాంబర్లోకే తోస్తుంది. చూడటానికి అచ్చం బ్యాక్ కంప్రెషన్ (రింగుల పక్కనుంచి చాంబర్లోకి దిగే గ్యాసు) లాగే ఉంటుంది. బండి నిలబెట్టి, బూస్టర్‌కు వెళ్లే పైపును పంపు దగ్గర నొక్కిపట్టి మూత వైపు చూడాలి. బుస తగ్గితే తప్పు బూస్టర్ వైపుది, తగ్గకపోతే పిస్టన్ల దగ్గరిది. నొక్కిన క్లిప్పు తీయకుండా బండి కదిలించారో, బ్రేకు బండరాయి అవుతుంది. ఈ బండిలో బుస తగ్గలేదు.

బ్రీథర్ పైపు టాపెట్ కవర్ నుంచి టర్బో ముందున్న గాలి గొట్టంలోకి వెళుతుంది. కవర్ లోపలి జాలీ మడ్డి పట్టి ఉంటే ఆవిరిలోని ఆయిల్ అక్కడ విడిపోదు, నేరుగా ఇంజన్ పీల్చుకుంటుంది. కవర్ విప్పినప్పుడే జాలీని డీజిల్లో నానబెట్టి గాలి కొట్టించాలి. ఆ తర్వాత బ్రీథర్ పైపును గాలి గొట్టం నుంచి తీసి ఒక సీసాలోకి వదిలి, గొట్టానికి మిగిలిన రంధ్రం మూసి కొంత దూరం నడిపితే ఎంత పోతోందో సీసాలోనే కనిపిస్తుంది. సీసా మూతకు గాలి పోయే రంధ్రం తప్పనిసరి, లేదంటే ప్రెషర్ పెరిగి సీళ్లు తన్నుకుపోతాయి. వెయ్యి కిలోమీటర్లకు దాదాపు నూటయాభై మి.లీ. తేలింది. మిగతా తొమ్మిది వందలు ఇంకెక్కడో కాలుతున్నాయి.

టర్బో మీద నింద

టర్బో తోసే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు విప్పగానే లోపల నూనె జిడ్డు కనిపిస్తుంది, "చూశారా, టర్బో" అంటారు. బ్రీథర్ ఆవిరి టర్బో ముందే కలుస్తుంది కాబట్టి పల్చటి జిడ్డు ఏ డీజిల్ బండిలోనైనా ఉంటుంది. పైపు వంచితే ఆయిల్ ధారగా కారితే అప్పుడు అనుమానించాలి. గాలి గొట్టం తీసి టర్బో చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊపితే కొద్దిగా కదలడం మామూలే. ఆ షాఫ్టు ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ముందుకూ వెనక్కూ లాగినప్పుడు మాత్రం చేతికి కదలిక తెలియకూడదు, రెక్కల అంచులు గోడకు రాసుకున్న గుర్తులు ఉండకూడదు.

షాఫ్టు బాగానే ఉన్నా టర్బో ఆయిల్ వదలొచ్చు. దాంట్లోంచి ఆయిల్ చాంబర్లోకి దిగేది కేవలం కిందికి జారే వాలుతోనే, తోసే ప్రెషర్ ఏదీ ఉండదు. రిటర్న్ పైపులో మడ్డి చేరినా, ఎవరో ప్యాకింగ్‌కు బదులు పూసిన గమ్ లోపలికి పొంగి దారి సగం మూసినా, చాంబర్లో బ్యాక్ కంప్రెషన్ ప్రెషర్ ఉన్నా ఆయిల్ వెనక్కి నిలిచి సీళ్ల గుండా బయటపడుతుంది. రింగుల తప్పుకు టర్బో మార్చి, మళ్లీ కొత్త టర్బో కూడా ఆయిల్ వదులుతుంటే తలపట్టుకునే బళ్లు చాలా ఉన్నాయి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా ఆ చూషణకు టర్బో గాలివైపు నుంచి ఆయిల్ లాగేస్తుంది.

ఇంటర్‌కూలర్లో ఆయిల్ నిలిచి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా దించి కడిగించండి. ఇంజన్ ఆ ఆయిల్ మీదే రేసెత్తిపోతే తాళం తీసినా ఆగదు. అప్పుడు టాప్ గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలేసి ఇంజన్‌ను ఆపేయాలి. గాలి గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టకూడదు.

పొగను ఎంత నమ్మాలి

"యాక్సిలరేటర్ వదిలినప్పుడు నీలిపొగ వస్తే వాల్వ్ సీళ్లు, తొక్కినప్పుడు వస్తే రింగులు" అనే సూత్రం పెట్రోలు బళ్లది. పెట్రోలు ఇంజన్లో త్రాటిల్ మూసుకోగానే లోపల వాక్యూమ్ పుట్టి వాల్వ్ గైడ్ల (వాల్వు కాడ ఆడే గొట్టాల) గుండా ఆయిల్ లాగుతుంది. ఇలాంటి పాత డీజిల్లో గాలిని ఆపే త్రాటిల్ లేదు, అంత వాక్యూమూ లేదు. కాబట్టి డీజిల్లో వాల్వ్ సీళ్ల పొగ రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున స్టార్టింగ్‌లో ఓ నిమిషం కనిపించి పోతుంది. లోడు ఎక్కేటప్పుడు ఆగకుండా వచ్చే నీలిపొగ రింగులది. కళ్లు మండించే తెల్లపొగ కాలని డీజిల్, దానికీ ఆయిల్‌కూ సంబంధం లేదు. బీఎస్-6 బళ్లలో సైలెన్సర్లోని డీపీఎఫ్ (మసి పట్టే ఫిల్టర్) పొగను దాచేస్తుంది. కాలిన ఆయిల్ బూడిద దాంట్లోనే పేరుకుంటుంది కాబట్టి అక్కడ ఆయిల్ తాగుడును ఇంత దూరం రానివ్వకూడదు.

కంప్రెషన్ చూడటం

హీటర్ ప్లగ్గులు నాలుగూ తీసి, డీజిల్ సప్లై కట్ చేసి, నిండు బ్యాటరీతో ఒక్కో సిలిండర్‌కు ఐదారు చుట్లు సెల్ఫ్ కొట్టాలి. ప్లగ్గులు తీసిన వరసలోనే పరిచి చూస్తే సగం కథ అక్కడే తెలుస్తుంది. రెండింటి మొనలు పొడిగా బూడిద రంగులో ఉన్నాయి, మూడూ నాలుగూ నల్లగా జిడ్డోడుతున్నాయి. కంప్రెషన్ వరుసగా 27, 26, 22, 26 బార్ వచ్చింది. నాలుగో సిలిండర్ కంప్రెషన్ బాగుండి ప్లగ్గు జిడ్డుగా ఎందుకుంది? కంప్రెషన్ గేజ్ చూసేది పై రెండు రింగుల్నే. మూడోది, ఆయిల్ రింగు, గాడిలో బిగుసుకుపోయినా గేజ్‌కు తెలియదు. కంప్రెషన్ బ్రహ్మాండంగా ఉండి ఆయిల్ తాగే బళ్ల గుట్టు ఎక్కువగా ఇదే.

కంప్రెషన్ తక్కువున్న సిలిండర్లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూడటం పాత పద్ధతి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు అంటారు. డీజిల్లో దీన్ని నమ్మకూడదు. సిలిండర్ 625 సీసీ, కంప్రెషన్ నిష్పత్తి 18 అనుకుంటే పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు దాదాపు 37 సీసీ. అందులో పది సీసీ ఆయిల్ పోస్తే ఆ చోటే తగ్గిపోయి, మంచి సిలిండర్లో కూడా గేజ్ ఎగబాకుతుంది. అందుకే గాలి పరీక్ష మేలు. పిస్టన్‌ను పైన నిలిపి, గేరు వేసి, చక్రాలకు అడ్డుపెట్టి, ప్లగ్గు రంధ్రం గుండా కంప్రెసర్ గాలి ఎక్కించి చెవి పెట్టాలి. సైలెన్సర్లో బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి గొట్టంలో వినిపిస్తే ఇన్లెట్ వాల్వు, రేడియేటర్లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్, ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు. మూడో సిలిండర్ మూత దగ్గర బుస కొట్టింది.

ఆయిల్ రింగులు మాత్రమే బిగిసి, కంప్రెషన్ అన్నింట్లో సమానంగా ఉంటే ప్లగ్గు రంధ్రాల్లోంచి కార్బన్ కరిగించే ద్రావణం పోసి రాత్రంతా నానబెట్టి చూడొచ్చు. ఆ 37 సీసీ సంగతి ఇక్కడ కూడా గుర్తుండాలి. లోపల అంతకు మించి ద్రవం ఉండగా ప్లగ్గులు బిగించి సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు ప్లగ్గులు లేకుండా తిప్పి అంతా బయటికి కక్కించి, ఆ తర్వాత ఆయిల్ మార్చాలి. చిక్కటి ఆయిల్, పొగ తగ్గించే డబ్బా మందులు ఆయిల్‌ను చిక్కబరుస్తాయి తప్ప రింగుల్ని విడిపించవు.

విప్పాలా వద్దా? నెలకు మూడు వేల కిలోమీటర్లు తిరిగే బండికి లీటరుంబావు చొప్పున నాలుగు లీటర్లకు కాస్త తక్కువ. లీటరు నాలుగు వందలు అనుకున్నా పదిహేను వందలు. ఆ డబ్బు మిగుల్చుకోవడానికి ఇంజన్ పని గిట్టుబాటు కాదు. మూడో సిలిండర్ పడిపోతుండటం, ఎప్పుడో ఒక లాంగ్ ట్రిప్పులో లెవెల్ చూడటం మరిస్తే బేరింగులు, టర్బో కలిపి పోయే ప్రమాదం, ఈ రెండింటి కోసమే విప్పింది.

విప్పాక

హెడ్డు, చాంబర్ తీసి పిస్టన్లు పైకి తోసే ముందు బోరు పైఅంచున రింగు తిరగని చోట మిగిలిన గట్టును గీకేయాలి, లేదంటే రింగుల మధ్య పిస్టన్ అంచులు విరుగుతాయి. మూడు, నాలుగు పిస్టన్లలో ఆయిల్ రింగు గాడిలో అతుక్కుపోయి వేలితో నొక్కినా కదలలేదు. గాడి వెనకుండే ఆయిల్ రంధ్రాలు కార్బన్‌తో పూడిపోయాయి. మార్కెట్ యార్డుల్లో లోడింగు అయ్యేదాకా గంటల తరబడి ఐడిల్‌లో ఉంచడం, ఆయిల్ మార్పిడి సాగదీయడం, రెండూ ఇక్కడికే దారి తీస్తాయి.

రింగులు మారిస్తే సరిపోతుందా, బోరు కొట్టాలా అన్నది బోర్ గేజే తేల్చాలి. అరుగుదల ఎక్కువుండేది పై రింగు ఆగి తిరిగే చోట. అక్కడ మూడో సిలిండర్ కింది భాగం కంటే 0.14 మి.మీ. వెడల్పు అయింది, మిగతావి 0.08 నుంచి 0.10. చూడటానికి వెంట్రుక మందం. కానీ బోరు వ్యాసం 0.14 పెరిగితే చుట్టుకొలత దానికి మూడు రెట్లకు పైగా, 0.44 మి.మీ. పెరుగుతుంది. అదంతా రింగు మూతి దగ్గరే తెరుచుకుంటుంది. కింద 0.38 గ్యాప్ చూపిన కొత్త రింగు పైన 0.82 చూపింది. 89 మి.మీ. బోరుకు పై రింగు గ్యాప్ 0.35, 0.40 దగ్గర ఉండాలి. పాత బోరులో కొత్త రింగులు వేసి పంపితే ఆర్నెల్లకే బండి షెడ్డుకు ఎందుకొస్తుందో ఈ లెక్కలోనే ఉంది.

కాబట్టి 0.50 ఓవర్‌సైజ్, అంటే బోరును అర మి.మీ. పెద్దది చేసి దానికి తగ్గ పిస్టన్లు వేయడం, లేత్ వాళ్ల మాటలో ఇరవై థౌ (అంగుళంలో వెయ్యో వంతులు). విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఈ పనికి లేతులు, కిట్లు పక్కపక్కనే దొరుకుతాయి. పిస్టన్లు ముందు కొని లేత్ వాళ్ల చేతిలో పెట్టాలి. ఒక్కో పిస్టన్ కొలిచి, కిట్ మీద రాసిన క్లియరెన్స్ కలిపి, ఆ సిలిండర్ బోరు కొట్టాలి. బోరు గోడను రాయితో రుద్దే హోనింగ్ గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ కనిపించాలి, అద్దంలా మెరిస్తే ఆయిల్ నిలవదు, రింగులు కూర్చోవు.

అన్నింటికంటే ఎక్కువ బళ్లు చెడేది కడగడంలో. హోనింగ్ రాతి పొడి డీజిల్‌తో, పెట్రోలుతో పోదు, గీతల్లోనే ఉండిపోతుంది. వేడినీళ్లు, బట్టల సబ్బుపొడి, నైలాన్ బ్రష్షుతో తోమాలి. ఆయిల్లో ముంచిన తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ బూడిదరంగుకు తిరగడం ఆగేదాకా తోమాలి. కడిగిన వెంటనే ఆయిల్ పూయాలి, లేకపోతే కళ్లముందే తుప్పు పడుతుంది.

ప్రతి రింగునూ అది వెళ్లే సిలిండర్లోనే పెట్టి, పిస్టన్‌తో తోసి నిలువుగా ఉంచి, ఫీలర్ గేజ్‌తో గ్యాప్ చూడాలి. గుర్తున్న వైపు పైకి రావాలి. మూతులు ఒకదానికొకటి 120 డిగ్రీల దూరంలో ఉండాలి. ఆయిల్ రింగు లోపలి స్ప్రింగు అతుకు, రింగు మూతికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. హెడ్డులో ఎగ్జాస్ట్ వాల్వులు గైడ్లలో ఊగుతున్నాయి కాబట్టి గైడ్లు కొత్తవి, సీళ్లు ఎనిమిదికి ఎనిమిదీ కొత్తవి. ఊగే గైడ్ మీద కొత్త సీలు ఎక్కువకాలం నిలవదు. హెడ్ గ్యాస్కెట్ మందం, పిస్టన్ బ్లాకు కంటే ఎంత పైకొస్తోందో డయల్‌తో కొలిచి ఎంచుకోవాలి. బోల్టు రంధ్రాల్లో ఆయిల్ నిలిచి ఉంటే టార్క్ (బోల్టు బిగింపు కొలత) తప్పుతుంది, బ్లాకు పగలొచ్చు కూడా. వెనక సీలు ఇప్పుడు మార్చాం. పాత సీలు పెదవి క్రాంకు మీద గాడి చేసి ఉంది, అందుకని కొత్త సీలును కొద్దిగా లోపలికి దింపి కొత్త చోట ఆనేలా కూర్చోబెట్టాం.

ఆయిల్ చిక్కదనం 15డబ్ల్యూ-40, గ్రేడు సీఐ-4 ప్లస్, మామూలు మినరల్. డీజిల్ కట్ చేసి ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ తిప్పాకే స్టార్ట్ చేయాలి, టర్బోకు ఆయిల్ అందాలి కదా. కొత్త బోరు కదా అని గంటలకొద్దీ ఐడిల్‌లో ఉంచడం మన షెడ్లలో అలవాటు. అది తప్పు. రింగును గోడకు అదిమేది దాని వెనక చేరే గ్యాస్ ప్రెషర్, ఐడిల్‌లో అది చాలదు, బోరు అద్దమెక్కుతుంది. కారుడు చూసుకుని రోడ్డెక్కించి, సగం లోడుతో, మధ్య గేర్లలో తొక్కుతూ వదులుతూ నడపాలి. టాప్ గేరులో ఈడ్చకూడదు. వెయ్యి కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చేయాలి.

ఆ మొదటి వెయ్యిలో మూడు వందల మి.లీ. దాకా తగ్గింది. రింగులు కూర్చునేదాకా అంత ఉంటుంది. తర్వాత ఐదు వేల కిలోమీటర్లకు అర లీటరు పోశాం. ఆయిల్ మూత ఐడిల్‌లో కదలకుండా కూర్చుంటోంది, బ్రీథర్ సీసా మళ్లీ కట్టి చూస్తే అడుగున పల్చటి తడి తప్ప ఏమీ లేదు.